నీటికి సగటు కడితే

ఎత్తిపోతల జలపాతం దగ్గర చంద్రవంక వాగు నీళ్లు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతాయి. గాలి అడ్డు లేదనుకుంటే అంచు వదిలిన నీరు కింది మడుగు చేరడానికి పట్టేది రెండు సెకన్లు. చేరేటప్పటికి దాని వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. ఇదే లెక్కను కెమెరా వైపు నుంచి చూద్దాం. షట్టర్ సెకనులో వెయ్యో వంతు సేపు తెరుచుకుంటే ఆ లోపల నీటిబొట్టు కదిలేది 2 సెంటీమీటర్లు. ఫొటోలో చుక్క చుక్కగానే పడుతుంది. సెకనులో 30వ వంతు తెరిస్తే 67 సెంటీమీటర్లు కదులుతుంది, చుక్క కాస్తా గీత అవుతుంది. నాలుగు సెకన్లు తెరిచి ఉంచామా, పైన అంచు వదిలిన నీరు మడుగులో కలిసిపోతుంది, దాని వెనక బయలుదేరిందీ కలిసిపోతుంది. చుక్కా ఉండదు, గీతా ఉండదు. తెల్లని తెర ఒకటి మిగులుతుంది.

క్యాలెండర్ల మీదా పర్యాటక పోస్టర్ల మీదా కనిపించే పాలధారల జలపాతాలన్నీ ఇలా తీసినవే. వాటిని చూసి "నీళ్లు ఎక్కడైనా అలా ఉంటాయా, అంతా మాయ" అని పెదవి విరిచేవాళ్లు ఉన్నారు. ఆ మాటకొస్తే గాలిలో ముత్యాల్లా ఆగిపోయిన చుక్కలను మాత్రం ఎవరు కళ్లారా చూశారు? రెండూ మన కంటికి అందని నీళ్లే. ఆగిపోయిన చుక్కలు ఒక్క క్షణపు నమూనా, పాలధార బోలెడు క్షణాల సగటు. సగటు ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలిశాక ఆ తెల్లని తెరలో అందంతో పాటు కొలతలు కూడా కనిపిస్తాయి. ఈ అధ్యాయం ఆ కొలతల గురించి.

ముందు కంటి సంగతి. కన్ను కూడా కాంతిని కొంతసేపు కూడబెట్టుకునే చూస్తుంది. బ్లాక్ అనే ఫ్రెంచి పరిశోధకుడు 1885లో ఒక సంగతి గమనించాడు. చాలా తక్కువ సేపు మెరిసే వెలుగు విషయంలో, సగం సేపు మెరిసినా రెట్టింపు కాంతి ఉంటే కంటికి ఒకేలా కనిపిస్తుంది. మసక వెలుతురులో ఈ లెక్క దాదాపు సెకనులో పదో వంతు దాకా చెల్లుతుంది, మంచి వెలుతురులో అంతకన్నా తక్కువ సేపే. అయితే కన్ను ట్రైపాడ్ మీద బిగించిన కెమెరా కాదు. జలపాతం ముందు నిలబడ్డప్పుడు మన చూపు ఒక నీటిముద్దను పట్టుకుని దానితో పాటు కిందికి జారుతుంది, మళ్లీ పైకెళ్లి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. అందుకే మనకు నీళ్లలో ముద్దలూ పోగులూ కనిపిస్తాయి. ఇలా కాసేపు చూసి పక్కనున్న రాతిగోడ వైపు చూపు తిప్పితే ఆ గోడ మెల్లగా పైకి పాకుతున్నట్టు అనిపిస్తుంది. స్కాట్లండ్‌లోని ఫోయర్స్ జలపాతం దగ్గర రాబర్ట్ ఆడమ్స్ దీన్ని గమనించి 1834లో రాశాడు. కిందికి కదిలే వాటిని పసిగట్టే మెదడు కణాలు అలసిపోవడం దీనికి కారణమని ఇప్పుడు చెబుతారు. కాబట్టి కంటికి కనిపించిన నీళ్లే అసలు నీళ్లని పందెం కాయకపోవడం మంచిది.

కెమెరా వ్యవహారం ఇంతకన్నా సూటిగా ఉంటుంది. సెన్సర్ మీది ఒక్కో పిక్సెల్ తనపై పడిన కాంతిని ఎలక్ట్రాన్లుగా మార్చి పోగు చేస్తుంది. షట్టర్ మూసుకున్నాక మొత్తం ఎంతో చెబుతుంది. గుడి హుండీ లెక్క లాంటిదే ఇదీ: ఎంత పడిందో తెలుస్తుంది, ఏ రూపాయి ముందు పడిందో, ఏది తర్వాత పడిందో తెలియదు.

సముద్రపు ఒడ్డున ఒక నల్లని బండ ఉందనుకుందాం. బండ వెలుగు 10, దాని మీదికెక్కే నురగ వెలుగు 100 అనుకుందాం. బండ మొదట్లో ఒక చోట నురగ 30 శాతం సమయం ఉంది. అక్కడి పిక్సెల్ చూపే అంకె 37. కాస్త పైన నురగ 10 శాతం సమయమే ఉంది, అక్కడ 19. ఇంకా పైకి కెరటం ఎక్కనే లేదు, అక్కడ 10. సుదీర్ఘ ఎక్స్‌పోజర్ ఫొటోల్లో బండల చుట్టూ పొగమంచు కమ్మినట్టు కనిపించేది ఇదే. అందులో మంచూ లేదు, పొగా లేదు. ఎక్కడెక్కడ నురగ ఎంత శాతం సమయం నిలిచిందో చెప్పే పటం అది. పైకి పోయేకొద్దీ ఆ తెలుపు పలచబడే తీరు చూసి ఏ ఎత్తుకు కెరటాలు ఎంత తరచుగా వచ్చాయో అంచనా కట్టవచ్చు.

నురగే ఎందుకు తెల్లగా ఉండాలి? నీటికీ గాలికీ మధ్య ఉన్న పొర మీద కాంతి నిట్టనిలువుగా పడితే వెనక్కి తిరిగేది 2 శాతమే, అందుకే నిలకడ నీరు నల్లగా, లోతుగా కనిపిస్తుంది. నురగలో అలాంటి పొరలు లెక్కకు మిక్కిలి. ప్రతి బుడగ దగ్గరా కొంత కాంతి తిరుగుతుంది, కొంత వంగుతుంది, ఏ రంగుకూ పక్షపాతం లేకుండా. చివరికి దాదాపు అంతా ఎటో ఒకవైపు బయటపడుతుంది. నీళ్ల ఫొటోలో ఏది ఎంత తెల్లగా ఉందన్నది అక్కడ గాలి ఎంత కలిసిందన్న దానికి మోటు కొలత.

ఎన్ని క్షణాలకు సగటు కట్టామన్నదే అసలు కీలకం. ఒకదానితో ఒకటి పొత్తు లేని 100 నమూనాల సగటు తీస్తే ఊగిసలాట పదో వంతుకు తగ్గుతుంది. నూరో వంతుకు తగ్గాలంటే 10 వేల నమూనాలు కావాలి. జలపాతంలో ఏ చోటైనా నీరు సెకనులో చిన్న భాగంలోనే పూర్తిగా మారిపోతుంది కాబట్టి ఒక్క సెకనులోనే తగినన్ని నమూనాలు దొరుకుతాయి. అదే బంగాళాఖాతం ఒడ్డున 10 సెకన్లకో కెరటం వస్తున్న రోజున 30 సెకన్ల ఫొటోలో పడేది మూడు కెరటాలే, వాటి సగటు సగటే కాదు. వాగు దగ్గర చేయి తిరిగినవారు సముద్రం దగ్గరికి వెళ్లి అవే సెట్టింగులతో తీసి, తీసిన ప్రతిసారీ వేరే ఫొటో వస్తోందని తలపట్టుకోవడం వెనక ఉన్నది ఈ లెక్కే. సముద్రానికి నిమిషాలు కావాలి.

తొలినాటి ఫొటోగ్రాఫర్లకు ఈ సగటు వద్దన్నా తప్పలేదు. 1838లో డాగేర్ పారిస్‌లోని బూలెవార్ద్ దు తాంప్ల్ వీధిని కిటికీలోంచి తీశాడు. బండ్లతో, మనుషులతో కిటకిటలాడే వీధి ఫొటోలో నిర్మానుష్యంగా పడింది. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకేచోట నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ అమెరికాలోని యోసెమిటీ లోయకు 18 అంగుళాల వెడల్పూ 22 అంగుళాల పొడవూ ఉన్న గాజు పలకలు పట్టే కెమెరాను మోయించుకుపోయాడు. పలకకు అక్కడికక్కడే కొలోడియన్ పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, కడిగెయ్యాలి. ఆ రసాయనం మందకొడిది. అందుకే ఆయన ఫొటోల్లో రాళ్లు సూదిమొనల్లా, జలపాతాలు తెల్లని పట్టీల్లా ఉంటాయి. ఆ లోయను కాపాడే చట్టంపై లింకన్ 1864 జూన్ 30న సంతకం చేయడంలో ఈ ఫొటోలకూ కొంత పాత్ర ఉందని చెబుతారు. అప్పట్లో పలకకున్న ఆ లోపాన్నే ఇప్పుడు మనం కాంతిని తగ్గించే నల్లని గాజు ఫిల్టర్ కొనుక్కుని మరీ తెచ్చుకుంటున్నాం.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చినవాడు ఆర్థర్ వర్తింగ్టన్. ఈ ఇంగ్లిష్ భౌతికశాస్త్రవేత్త నీటి చుక్క చిందడం మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. చీకటి గదిలో చుక్క పడుతుండగా ఒక్క విద్యుత్ మెరుపు మెరిపించి, ఆ మెరుపులో కనిపించిన ఆకారాన్ని చేత్తో గీసేవాడు. బొమ్మల్లో ప్రతి కిరీటమూ చుట్టూ సమానమైన మొనలతో అచ్చు గుద్దినట్టు ఉండేది. 1890ల్లో అదే పని ఫొటోలతో చేసేసరికి ఒక్క కిరీటమూ సమంగా లేదు. ఒకటి ఒకవైపు ఒరిగింది, ఒకదానికి మొన విరిగింది. గీసేటప్పుడు తన మనసు చూసిన చిందులన్నిటికీ సగటు కట్టేసి, వంకరలన్నీ పక్కన పెట్టేసిందని ఆయనకు అప్పుడు అర్థమైంది. సగటు కట్టడానికి కెమెరాయే అక్కర్లేదన్నమాట. కాకపోతే కెమెరా కట్టే సగటుకు ఇష్టాయిష్టాలు ఉండవు.

పరికరాల గురించి రెండు మాటలు. మండుటెండలో ఐఎస్‌ఓ 100, అపర్చర్ ఎఫ్/16 పెడితే సరిపోయే షట్టర్ వేగం సెకనులో 100వ వంతు. పదిస్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ కాంతిని పదిసార్లు సగం చేస్తుంది, అంటే 1024వ వంతునే లోపలికి వదులుతుంది. అప్పుడు అదే వెలుతురులో షట్టర్‌ను 10 సెకన్లు తెరిచి ఉంచవచ్చు. ఫిల్టర్ ఖర్చెందుకని అపర్చర్‌ను ఎఫ్/22కి కుదించేవారు ఉన్నారు. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ కాంతి అంచుల దగ్గర వంగి, బండల పదును పోతుంది. కదలనిది పదునుగా లేకపోతే కదిలేదాని సగటుకు పక్కన ఆసరా ఉండదు. ఫోకస్ ఫిల్టర్ బిగించకముందే చేసుకోవాలి, బిగించాక కెమెరాకూ మనకూ కనిపించేది అంతంతమాత్రమే. ఫిల్మ్ రోజుల్లో ఇంకో చిక్కు ఉండేది. మసక కాంతిని ఎంతసేపు పోసినా ఫిల్మ్ లెక్కప్రకారం నల్లబడేది కాదు. నక్షత్రాల ఫొటోలు తీస్తూ కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ 1900 నాటికే దీనికి ఒక సూత్రం కట్టాడు. తర్వాత కృష్ణబిలాల లెక్కలతో పేరు మోగినవాడు ఈయనే. డిజిటల్ సెన్సర్‌కు ఆ జబ్బు లేదు. ఎక్కువసేపు తెరిస్తే వేడికి పుట్టే ఎలక్ట్రాన్లు కాంతి వల్ల పుట్టినవాటిలో కలిసిపోవడమే దాని జబ్బు.

ఫోన్లు వేరే దారి పట్టాయి. ఐఫోన్‌లో 2017 నుంచి లైవ్ ఫొటో తాలూకు కొన్ని సెకన్ల ఫ్రేములను కలిపి ఒకే సుదీర్ఘ ఎక్స్‌పోజర్‌గా చూపించే సదుపాయం ఉంది. లెక్క ఒకటే, కాకపోతే చిన్న మోసం ఉంది. ఎండలో తళుక్కుమనే నీటి మెరుపు ఒక ఫ్రేములో పిక్సెల్ పరిమితిని దాటిపోతే దాటిన భాగం లెక్కలోకి రాదు. అలాంటి ఫ్రేములు వంద కలిపినా పోయింది పోయినట్టే. ఒకే ఎక్స్‌పోజర్‌లో ఫిల్టర్ వెనక అదే మెరుపు దాని వంతు తక్కువ కాకుండా పోగవుతుంది. ఎండలో మిలమిలలాడే చెరువును రెండు రకాలుగానూ తీసి చూస్తే తేడా తెలుస్తుంది.

ఇక వాగులోకి దిగుదాం. అరకు దగ్గర చాపరాయిలోలాగా వెడల్పాటి రాతిపలక మీద నీరు పలచగా జారే చోట రెండు రకాల అలలు ఉంటాయి. కొన్ని నీటితో పాటు కొట్టుకుపోతాయి. కొన్ని నీరు పోతున్నా తాము మాత్రం కదలకుండా ఒకేచోట నిలబడతాయి. లోతు తక్కువగా ఉన్న నీటిలో అల వేగం లోతును బట్టి ఉంటుంది: 10 సెంటీమీటర్ల లోతులో సెకనుకు దాదాపు 1 మీటరు, 40 సెంటీమీటర్లలో 2 మీటర్లు. ఎగువకు ఈదే అల వేగమూ దిగువకు పారే నీటి వేగమూ సరిసమానమైన చోట ఆ అల ఎటూ పోలేక ఆగిపోతుంది. నీరు అంతకన్నా వేగంగా వచ్చి హఠాత్తుగా నెమ్మదించే చోట నీటిమట్టం మెట్టులా లేస్తుంది. ఇంజనీర్లు దాన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. వంటింటి సింకులో కుళాయి ధార పడిన చోట పలచని వలయం, దాని చుట్టూ గట్టులా లేచిన అంచు కనిపించేది ఇందుకే.

వెయ్యో వంతు ఫొటోలో ఈ రెండు రకాల అలలను వేరుచేయడం ఎవరి తరమూ కాదు, అన్నీ ఆగే ఉంటాయి కదా. నాలుగు సెకన్ల ఫొటోలో కొట్టుకుపోయేవన్నీ చెరిగిపోయి, నిలబడ్డవి మాత్రం గాజుతో పోతపోసినట్టు తేలతాయి. పైకి కనిపించని రాయి ఎక్కడుందో, ఏ గట్టు మీదుగా నీరు ఎగిరిపడుతోందో చెప్పే ఆనవాళ్లు అవి. మృదువైన ఫొటో వివరాలను పోగొడుతుందన్న మాట పూర్తిగా నిజం కాదు. కొన్ని వివరాలను పోగొట్టి, వాటి కింద దాగిన ఇంకొన్నిటిని బయటికి తెస్తుంది.

మధ్యరకం ఎక్స్‌పోజర్లకు, అంటే సెకనులో నాలుగో వంతు, ఎనిమిదో వంతు వాటికి, వేరే ఉపయోగం ఉంది. నాలుగో వంతు సెకనులో నురగచుక్క అర మీటరు గీత గీసిందంటే అక్కడ నీటి పైపొర వేగం సెకనుకు 2 మీటర్లు. పక్కనున్న బండ కొలత తెలిస్తే చాలు, ఫొటో మీద స్కేలు పెట్టి వాగు వేగం చెప్పవచ్చు. ఇదే మడుగులో సుడి దగ్గర 15, 20 సెకన్లు తీస్తే తేలే ఆకులు, నురగ ముక్కలు చక్రాలు చక్రాలుగా గీతలు గీస్తాయి. అయితే గీత ఎటునుంచి ఎటు గీసుకుందో, సుడి ఏ వైపు తిరుగుతోందో ఆ ఫొటో చెప్పదు. ముందూ వెనకా అన్నది లెక్కలో లేదు కదా.

ఒక ప్రవాహాన్ని సగటుగానూ, సగటు చుట్టూ ఊగిసలాటగానూ విడగొట్టి చూడాలన్న ఆలోచన ఫొటోగ్రాఫర్లది కాదు, మాంచెస్టర్‌లో ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా ఉన్న ఆస్బోర్న్ రేనాల్డ్స్‌ది. 1883లో ఆయన గాజు గొట్టంలో పారే నీటిలోకి సన్నని రంగుధార వదిలి, ఏ వేగం దగ్గర అది గీతలా సాగడం మానేసి చిందరవందర అవుతుందో చూశాడు. 1895లో వచ్చిన పత్రంలో నీటి వేగాన్ని సగటు భాగం, ఊగే భాగం అని రెండుగా రాసుకుని సమీకరణాలకు సగటు కట్టాడు. ఊగే భాగం సగటు సున్నా కాబట్టి అది రాలిపోవాలి. చాలామట్టుకు రాలిపోయింది కూడా. కానీ ఒకచోట ఊగే భాగాన్ని ఊగే భాగంతో హెచ్చవేసిన పదం మిగిలిపోయింది. +3, -3 అనే అంకెల సగటు సున్నా. వాటి వర్గాలు 9, 9. వాటి సగటు సున్నా కాదు. ఇంత చిన్న సంగతి నుంచి పుట్టిన చిక్కు ఇప్పటికీ పూర్తిగా విడలేదు. సగటు ప్రవాహం రేపు ఎలా ఉంటుందో చెప్పాలంటే మనం చెరిపేసిన ఊగిసలాట గురించి కొంత తెలియాల్సిందే. నదిలో వండ్రుమట్టి అడుక్కి దిగకుండా తేలుతూ పోయేది కూడా ఆ ఊగిసలాట బలంతోనే.

ఈ సగటును తీరప్రాంత శాస్త్రం పనికి పెట్టుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. కెరటాలు విరిగే చోట సముద్రపు అడుగు ఎలా ఉందో కొలవడం పెద్ద సమస్య. పడవలో సోనార్ పెట్టుకుని అక్కడికి పోతే పడవే తిరగబడుతుంది. అమెరికాలో నార్త్ కరొలైనా తీరాన డక్ అనే ఊరి దగ్గర సైనిక ఇంజనీర్ల దళానికి ఒక పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ఈ పని కోసం మూడు కాళ్ల మీద 10 మీటర్లకు పైగా ఎత్తున్న వాహనం ఒకదాన్ని తయారుచేసుకుని నేరుగా కెరటాల్లోకి నడిపించేవారు. దానికి పీత అనే అర్థం వచ్చేలా క్రాబ్ అని పేరు. 1980ల్లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాబ్ హోల్మన్, టామ్ లిప్‌మన్ అదే తీరాన ఎత్తయిన చోట ఒక వీడియో కెమెరా పెట్టి, 10 నిమిషాల దృశ్యానికి పిక్సెల్ పిక్సెల్‌కూ సగటు కట్టారు. కెరటాలు మాయమై, సముద్రం మీద తీరానికి సమాంతరంగా తెల్లని పట్టీలు తేలాయి.

ఆ పట్టీల వెనక కారణం తేలికైనదే. కెరటం ఎత్తు కింద ఉన్న నీటి లోతులో సుమారు 0.78 వంతుకు చేరేసరికి కెరటం నిలవలేక విరుగుతుంది. ఒకటిన్నర మీటర్ల కెరటం దాదాపు 2 మీటర్ల లోతులో విరిగి నురగలు కక్కుతుంది. కాబట్టి ఎక్కువ కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయో అక్కడ నీటి అడుగున ఇసుకదిబ్బ ఉంది. సగటు ఫొటోలోని తెల్లని పట్టీ ఆ దిబ్బకు పటం. లిప్‌మన్, హోల్మన్ 1989లో ఈ పద్ధతిని ప్రచురించారు, తర్వాత ఆర్గస్ అనే పేరుతో ఇలాంటి కెమెరాలు ఎన్నో దేశాల తీరాలకు చేరాయి. 10 నిమిషాలే ఎందుకంటే 10 సెకన్ల కెరటాలైతే అవి 60 వస్తాయి, సగటు నిలకడకు వస్తుంది. అంతకన్నా మరీ ఎక్కువసేపు ఆగితే ఆటుపోట్లకు నీటిమట్టమే మారిపోయి పట్టీలు అలుక్కుపోతాయి.

తెల్లని పట్టీ మధ్యలో అక్కడక్కడా నల్లని సందులు కనిపిస్తాయి. అక్కడ కెరటాలు విరగడం లేదు, అంటే లోతు ఎక్కువ. దిబ్బ దాటి ఒడ్డు వైపు వచ్చిపడిన నీరంతా ఆ సందులోంచే వెనక్కి పోతుంది. రిప్ కరెంట్ అనేది అదే. విశాఖలో ఆర్కే బీచ్, యారాడ లాంటి చోట్ల స్నానానికి దిగినవారు కొట్టుకుపోయారన్న వార్తలు మనకు కొత్త కాదు. అలాంటి చోట చూసేవారికి నురగ లేని ఆ సందే ప్రశాంతంగా, దిగడానికి అనువుగా కనిపిస్తుంది. సగటు ఫొటో చూసినవారికి మాత్రం అది లోపలికి లాగే తలుపు. అందులో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా పక్కకు ఈదితే ఆ సందు దాటి బయటపడే అవకాశం ఎక్కువ. సందు సాధారణంగా కొన్ని పదుల మీటర్ల వెడల్పే ఉంటుంది.

అయితే సగటుకు చూపు ఆనని చోటు కూడా ఉంది. 60 కెరటాల్లో ఒకటి మిగతావాటికన్నా బాగా పైకి ఎక్కిందనుకోండి, సగటులో దాని వంతు అరవయ్యో వంతే. మొదట చెప్పిన నల్లని బండ మీద 11 లేదా 12 అంకెగా మిగిలిపోతుంది, చూసేవారికి అది ఆరిన రాయే. ఆర్గస్ కేంద్రాల్లో అందుకే ఆ 10 నిమిషాల నుంచి సగటు బొమ్మతో పాటు ఇంకొన్ని తీస్తారు. ఒకదాంట్లో ప్రతి పిక్సెల్ తన సగటు చుట్టూ ఎంత ఊగిందో చూపిస్తారు. ఇసుక, కొండ, ఇళ్లు నల్లబడిపోయి నీళ్లు మాత్రం వెలుగుతాయి. ఇంకోదాంట్లో ప్రతి పిక్సెల్ ఆ 10 నిమిషాల్లో చూసిన అత్యంత ప్రకాశాన్ని దాచి ఉంచుతారు. అన్నిటికన్నా పెద్ద కెరటం తాలూకు నురగ ఎంత దూరం వచ్చి వెనక్కి పోయిందో అందులో అంచు గీసినట్టు పడుతుంది. బండ మీద ట్రైపాడ్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాల్సినవారికి కావలసింది ఆ మూడో బొమ్మ. దానికి ప్రత్యేకమైన కెమెరా ఏదీ అక్కర్లేదు. ఫోన్‌ను కదలకుండా నిలబెట్టి 10 నిమిషాల వీడియో తీసుకుంటే, ఫ్రేములను ఒకదాని మీద ఒకటి పేర్చి ప్రతి చోటా ఎక్కువ వెలుగున్నదాన్ని ఉంచే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి.